అంగడి గుమ్మానికి ట్యాగుల గేటు: కొనే ముందు నుంచి రాత్రి లెక్క దాకా

చిత్తూరులోనో మదనపల్లెలోనో బట్టలంగడి అయితే వచ్చేవాళ్ళలో సగం మంది మొహాలు తెలిసినవే ఉంటాయి. తిరుపతిలో అట్లా కాదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో పొద్దున మన దగ్గర కొన్నవాళ్ళు సాయంత్రానికి రైలెక్కి ఉంటారు. ఒక చీర తక్కువైందని రాత్రి తెలిస్తే మర్నాడు అడగడానికి మనిషి ఊళ్ళో ఉండడు. అందుకే గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టే ఆ రెండు స్తంభాల గేటు గురించి చిన్న అంగళ్ళవాళ్ళు కూడా అడుగుతున్నారు. మా అంగడిలో ఎనిమిదేళ్ళుగా వాడుతున్నాం. మొదటి ఏడాది చాలా తప్పులు చేశాం. అవి మీరు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సరుకుకు ఒక చిన్న ట్యాగు తగిలిస్తాం, అది గుమ్మం దాటితే గేటు మోగుతుంది. అంతేగానీ గేటు దొంగను పట్టదు. ట్యాగు తీయకుండా ఒక సరుకు గుమ్మం దాటిందని మాత్రమే చెబుతుంది. ఆ ట్యాగు తీయాల్సింది మన కౌంటర్‌లో కూర్చున్న మనిషే. కాబట్టి గేటు మోగినప్పుడు మొదటి ప్రశ్న మన కౌంటర్‌కి, ఆ తర్వాతే ఎదుటి మనిషికి. ఈ వరస తలకిందులైతే పోయిన చీర కన్నా ఎక్కువే పోగొట్టుకుంటారు.

సరుకు ఎటు పోతోందో చూసుకోండి

గేటు అమ్మేవాళ్ళకు ఫోన్ చేసే ముందు 15 రోజులు ఈ పని చేయండి. నాలుగైదు రకాల సరుకు ఎంచుకోండి. పట్టుచీరలు, రవికె గుడ్డలు, పిల్లల గౌన్లు, లోదుస్తులు, పంచెలు, ఇట్లా. ప్రతి రకంలో 40 పీసులు లెక్కపెట్టి విడిగా ఒక పుస్తకంలో రాయండి. రోజూ షట్టర్ దించాక మళ్ళీ లెక్కపెట్టి ఆ రోజు బిల్లులతో సరిచూడండి. విసుగు పుట్టించే పనే. కానీ ఈ పుస్తకం లేకుండా గేటు కొన్నవాళ్ళకు ఏం ఆగిందో, ఏం ఆగలేదో ఎప్పటికీ తెలియదు.

మేము పట్టుచీరలే పోతున్నాయనుకున్నాం. లెక్క చూస్తే అవి ఒక్కటీ పోలేదు. పట్టుచీరను పరుపు మీద మన మనిషే విప్పి చూపిస్తాడు, మన మనిషే మడుస్తాడు, పోవడం కష్టం. పోతున్నవి హ్యాంగర్లకు వేలాడే పిల్లల గౌన్లు, గుమ్మం దగ్గర గంపలో పోసిన రవికె గుడ్డలు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఒక రకం పంచెలు బేలు విప్పినప్పుడే రెండు తక్కువగా వస్తున్నాయి. దాన్ని ఏ గేటూ ఆపలేదు. వచ్చిన రోజే బేలు లెక్కపెట్టుకోవడం ఒక్కటే మందు.

తగ్గిన సరుకు నాలుగు దారుల్లో తగ్గుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు తీసుకుపోవడం, పనిచేసేవాళ్ళ చేతివాటం, బిల్లులో తప్పు, సరఫరాలో కొరత. ట్యాగు మొదటి దారిని బాగా అడ్డుకుంటుంది, రెండోదాన్ని కొంచెం. మిగతా రెండింటికీ పుస్తకమే దిక్కు. పోయిన సరుకుతో పోయేది దాని వెల మాత్రమే కాదు. దొంగతనంలో పోయిన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను చట్టం ప్రకారం వెనక్కి కట్టాలి. మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి. నష్టాన్ని ఆ పన్నుతో కలిపి లెక్కేస్తేనే గేటు మీద ఎంత పెట్టవచ్చో తెలుస్తుంది.

ఏ రకం గేటు

అమ్మేవాళ్ళు మూడు పేర్లు చెబుతారు: ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ), ఏఎం (అకౌస్టో మాగ్నెటిక్), ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో గుర్తింపు నంబరు చదివే రకం). లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏది మీకు పనికొస్తుందో మీరే చెప్పగలరు.

ఆర్‌ఎఫ్ ట్యాగులో అల్యూమినియం రేకుతో చేసిన చుట్ట ఒకటి, దానికి తగిలించిన కెపాసిటర్ ఒకటి ఉంటాయి. బ్యాటరీ ఉండదు. ఈ జంటకు ఒక సొంత లయ ఉంటుంది, సుమారు 8.2 మెగాహెర్ట్జ్. గేటులోని ఒక స్తంభం ఆ లయకు అటూ ఇటూగా రేడియో తరంగాలు పంపుతూ ఉంటుంది. ఊయలను దాని ఊపుకు సరిగ్గా అందేలా తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా, ట్యాగు కూడా అట్లాగే స్పందిస్తుంది. ఆ మార్పును గేటు పసిగట్టి మోగుతుంది. బిల్లు అయ్యాక కౌంటర్‌లోని పలక మీద ఆనిస్తే బలమైన తరంగం కెపాసిటర్ మధ్య పొరను చీల్చేస్తుంది. ఇక ఆ స్టిక్కర్‌కు లయ ఉండదు. ఇది చవక రకం, స్టిక్కర్లు కాగితంలా పలచగా ఉంటాయి. లోహం పక్కన పెడితే మాత్రం లయ చెదిరిపోతుంది. గుమ్మం వెడల్పు కూడా తక్కువ ఉండాలి, ఇంచుమించు మూడు నాలుగు అడుగులు.

ఏఎం ట్యాగు వేరు. తెల్లటి చిన్న ప్లాస్టిక్ డొప్పలో పలచటి లోహపు పట్టీ వదులుగా ఉంటుంది, దాని కింద ఇంకో అయస్కాంతపు పట్టీ. గేటు సెకనుకు ఎన్నోసార్లు 58 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక దెబ్బ వేసి ఆగుతుంది. గుడిగంట కొట్టి చెయ్యి తీసినాక కూడా మోత కాసేపు నిలుస్తుందే, ఆ పట్టీ కూడా అట్లాగే కంపిస్తూ ఉంటుంది. గేటు తాను మౌనంగా ఉన్న ఆ కొద్ది క్షణంలో ఆ మోతను వింటుంది. అందుకే ఏఎంకు చెవి చురుకు. గుమ్మం ఆరడుగుల దాకా ఉన్నా పట్టగలదు, లోహం దగ్గరున్నా ఆర్‌ఎఫ్ అంత తడబడదు. బిల్లు దగ్గర కింది పట్టీలోని అయస్కాంతాన్ని పోగొడితే లయ మారిపోతుంది, గేటుకు వినబడదు. ఒక జాగ్రత్త: ఆ డొప్పను నొక్కినా వంచినా లోపలి పట్టీ కదలడానికి చోటుండదు. ట్యాగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పనిచేయదు.

ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులో చిన్న చిప్పు ఉంటుంది. మొదటి రెండూ ‘ఇక్కడ ఒక ట్యాగు ఉంది’ అని మాత్రమే చెబుతాయి. ఇది ‘నేను ఫలానా నంబరు పీసును’ అని చెబుతుంది. అలిపిరి టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను చదివేది ఈ జాతి పరికరమే. మన దేశంలో దీనికి లైసెన్సు అక్కర్లేకుండా వదిలిన తరంగాలు 865 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. అమెరికాలో వాడేవి 902 నుంచి 928 మధ్య ఉంటాయి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని ఆ దేశపు రీడర్ (ట్యాగును చదివే పరికరం) కొంటే ఇక్కడ వాడకూడదు. డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) ఆమోదపత్రం ఉందా అని అడిగి, కాగితం చూసే కొనండి.

ఈ మొత్తం సంగతి 1960లలో అమెరికాలో మొదలైంది. ఆర్థర్ మినాసీ అనే ఇంజనీరు అంగళ్ళ కోసం ఇట్లాంటి ట్యాగును తయారుచేసి అమ్మినవాళ్ళలో మొదటివాడు. తర్వాత గ్రంథాలయాలవాళ్ళు కూడా పుస్తకాలకు ఇదే ఉపాయం పట్టుకున్నారు.

నా సలహా అడిగితే ఇదీ. మూడున్నర అడుగుల గుమ్మం, బట్టలు, ఫ్యాన్సీ సరుకు ఉన్న చిన్న అంగడికి ఆర్‌ఎఫ్ చాలు. వెడల్పైన గుమ్మం, సూపర్‌మార్కెట్, డబ్బాల సరుకు ఉంటే ఏఎం. ఆర్‌ఎఫ్‌ఐడీ అన్నది దొంగతనం కోసం కాదు, స్టాకు లెక్క కోసం కొనాలి. దాని సంగతి చివర చెబుతాను. ఏది కొన్నా ముందు ఒక వారం అద్దెకో, ట్రయల్‌కో పెట్టి చూడమనండి. పెట్టనన్నవాళ్ళ దగ్గర కొనకండి.

గుమ్మం కొలతలు, కరెంటు

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. గేటు బిగించడానికి వచ్చినవాళ్ళు షట్టర్ పక్కనే, చోటు కలిసొస్తుందని బిగించి వెళ్ళారు. మర్నాటి నుంచి ఎవరూ లేకపోయినా మోగేది. ఇనుప షట్టర్, దాని పట్టాలు, గుమ్మం పక్కన స్టీలు రాడ్ల స్టాండు, ఇవన్నీ గేటు పంపే తరంగాలను తిప్పికొడతాయి. షట్టర్‌కు కనీసం రెండడుగులు లోపలికి స్తంభాలు పెట్టించండి. చోటు వదలాలంటే ప్రాణం ఒప్పదు, గాంధీ రోడ్డులో అడుగు స్థలం విలువ నాకూ తెలుసు. అయినా వదలండి.

స్తంభాలకు లోపలి వైపు కూడా నాలుగైదు అడుగుల్లో ట్యాగు ఉన్న సరుకు ఏదీ ఉండకూడదు. గుమ్మం దగ్గర గౌన్లు వేలాడదీసి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళను పిలవడం మన అలవాటు. గేటు పెట్టాక ఆ సరుకుకు ట్యాగులుంటే గేటు తడబడుతుంది. మేము గుమ్మం దగ్గర బొమ్మకు వేసిన బట్టలకు ట్యాగు తీసేశాం.

కరెంటు సంగతి చాలామంది వదిలేస్తారు. చవక ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు, సీరియల్ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్, ఇవన్నీ కంటికి కనబడని రొద చేస్తాయి. ఆ రొదలో ట్యాగు గొంతు గేటుకు వినబడదు, లేదా లేని ట్యాగు వినబడుతుంది. అందుకని:

- గేటుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూడండి.
- ట్రయల్ మధ్యాహ్నం ఒక్కసారి చేసి ఊరుకోకండి. సాయంత్రం అన్ని లైట్లూ వెలిగాక ఒకసారి, కరెంటు తీసి ఇన్వర్టర్ మీద ఒకసారి, జనరేటర్ ఉంటే దాని మీద ఒకసారి చేయండి.
- పక్కంగడిలో గేటు ఉందేమో అడగండి. గోడకు గోడ ఆనుకున్న అంగళ్ళలో రెండు ఏఎం గేట్లు ఒకదాని దెబ్బను ఇంకోటి మోతగా అనుకుంటాయి. రెండింటి దెబ్బలూ ఒకే వేళకు పడేలా కలపాలి. అది బిగించేవాళ్ళ పని, కానీ మీరు అడిగితేనే చేస్తారు.

ట్రయల్ ఎట్లా చేయాలంటే, ఒక ట్యాగును చీలమండ దగ్గర, నడుము దగ్గర, తల దగ్గర పట్టుకుని గేటు నడిమధ్యలో నడవండి. ట్యాగును నిలువుగా, అడ్డంగా, పడుకోబెట్టి, మూడు తీర్లా తిప్పి చూడండి. సంచిలో వేసి చూడండి. పదిసార్లు నడిస్తే ఎన్నిసార్లు మోగిందో రాసుకోండి. ఆ కాగితం మీద బిగించినవాళ్ళ సంతకం తీసుకుంటే తర్వాత సర్వీసుకు పిలిచినప్పుడు పనికొస్తుంది.

ఏ సరుకుకు ఏ ట్యాగు

రెడీమేడ్ బట్టలకు గట్టి ప్లాస్టిక్ ట్యాగు, మేకుతో సహా. దాని లోపల చిన్న గోళీలు స్ప్రింగు బలంతో మేకును బిగించి పట్టుకుంటాయి, బలమైన అయస్కాంతం పెడితేనే వదులుతాయి. మేకును గుడ్డలోకి కాదు, కుట్టు మీదనో చంకలోని అతుకు మీదనో గుచ్చండి. అన్ని పీసులకూ ఒకే చోట గుచ్చండి. చొక్కాకు ఎడమ పక్క కుట్టు అనుకుంటే అన్నింటికీ అదే. కౌంటర్ పిల్లల చెయ్యి వెతుక్కోకుండా అక్కడికే పోతుంది, ట్యాగు తీయడం మరిచిపోవడం సగానికి సగం తగ్గుతుంది. ఈ చిన్న నియమం మాకు గేటు కన్నా ఎక్కువ మేలు చేసింది.

పట్టుచీరకు మేకు గుచ్చకండి. వెంకటగిరి అయినా కంచి అయినా ఒక్క రంధ్రం పడితే ఆ చీర అమ్ముడుపోదు, పోయినా తిరిగొస్తుంది. ట్యాగుకు మేకు బదులు తాడు ఉండే రకం ఉంటుంది. ఆ తాడును చీర కొంగు కుచ్చుల ముడిలోంచి వదులుగా దూర్చి బిగించండి. జరీ ఎక్కువగా ఉన్న చీర మడతల లోపల స్టిక్కర్ దాస్తే జరీలోని లోహం వల్ల సిగ్నల్ తగ్గవచ్చు. మడత బయటికి వచ్చేట్టు పెట్టి, గేటు దగ్గర చూసుకోండి. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద జిగురు స్టిక్కర్ ఎప్పుడూ వద్దు. ఆ రంగుల మీద జిగురు మరక పడితే నెలల తరబడి ఒకరు చేత్తో గీసిన పని పాడైనట్టే. అట్ట చీటీకి అంటించి, దారంతో కట్టండి.

ఇత్తడి దీపాలు, విగ్రహాలు, కుంకుమ భరిణెలు అమ్మేవాళ్ళు తిరుపతిలో ఎక్కువ. నేరుగా లోహం మీద ఆర్‌ఎఫ్ స్టిక్కర్ అంటిస్తే అది మూగదవుతుంది. అట్టపెట్టె మీదనో, దారానికి వేలాడే చీటీ మీదనో ఉంచండి. నెయ్యి డబ్బాలకు, నూనె టిన్నులకు ఏఎం డొప్పలు నయం. సబ్బులు, క్రీములు, షాంపూల మీద స్టిక్కర్‌ను కంపెనీ పేరూ, గడువు తేదీ, ధరా కప్పకుండా అంటించాలి. లేకపోతే తూనికలు కొలతల వాళ్ళు వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

అన్నింటికీ ట్యాగు పెట్టాలనే ఆత్రం వద్దు. మీ 15 రోజుల పుస్తకం తీయండి. ఎక్కువ తగ్గుతున్న సరుకుకే మొదట పెట్టండి. అవి ఆగినాక వేరేవి తగ్గడం మొదలైతే వాటికి పెట్టవచ్చు.

కౌంటర్

అసలు పనంతా ఇక్కడే. వరస ఇది: స్కాన్, డబ్బు, ట్యాగు తీయడం, సంచి. ట్యాగు ముందు తీసి తర్వాత బిల్లు కొట్టే అలవాటు పడితే, బిల్లు పడని పీసు కూడా గేటు దాటిపోతుంది. పండగ రద్దీలో తొందర పెట్టినా ఈ వరస మార్చవద్దని పిల్లలకు మొదటిరోజే చెప్పండి.

ట్యాగు తీసే అయస్కాంతాన్ని కౌంటర్ బల్లకు స్క్రూలతో బిగించండి. చేతిలో పట్టుకుపోయేట్టు ఉంటే అది ఒకరోజు కనబడదు. అట్లాంటి అయస్కాంతాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయన్నదీ నిజమే. అందుకని తాళం గట్టిగా ఉన్న రకం ట్యాగులు కొనడం మేలు. ఆ అయస్కాంతం పక్కన ఏటీఎం కార్డులు, హార్డ్‌డిస్కు పెట్టకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళను కౌంటర్‌లో ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. గేటు దగ్గర కూడా ఒక బోర్డు పెట్టండి: పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు స్తంభాలకు ఆనుకుని నిలబడకుండా మామూలుగా నడిచి వెళ్ళవచ్చు అని. తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో. మన ఊరికి వచ్చేవాళ్ళు ఈ నాలుగు భాషలవాళ్ళే ఎక్కువ.

ఇక స్టిక్కర్లను చంపే పలక. దాని మీద ఒకేసారి గుత్తగా పది పీసులు పెట్టి తోసేయకండి. ఒక్కొక్కటీ, స్టిక్కర్ ఉన్న వైపు పలకకు తగిలేట్టు తిప్పి పెట్టాలి. పలక మీద నుంచి రెండు మూడు అంగుళాలు దాటితే దాని బలం చాలదు.

గేటు మోగితే ఏం మాట్లాడాలి

మా గేటు పెట్టిన మొదటి సంవత్సరం బ్రహ్మోత్సవాల రోజుల్లో జరిగింది చెబుతాను. గరుడసేవ మర్నాడు. అంగడి నిండా జనం. కొండ మీద గుండు చేయించుకుని దిగి వచ్చిన ఒక ముసలావిడ, మనవరాలికి గౌను కొని, డబ్బు కట్టి, గుమ్మం దాటుతుంటే గేటు మోగింది. మా కుర్రాడు గబుక్కున వెళ్ళి ‘ఏం తీసినావు, సంచి చూపించు’ అన్నాడు. నలుగురూ చూస్తున్నారు. ఆమె సంచి కింద పెట్టి, చేతులు జోడించి, ‘నాయనా, స్వామి మీద ఆన, నేనేమీ తీయలేదు’ అని ఏడ్చింది. సంచిలో ఏముంది? వాళ్ళ ఊళ్ళో ఎప్పుడో కొన్న చేతిసంచిలో తీయకుండా మిగిలిపోయిన స్టిక్కర్. మా సరుకు కాదు. క్షమించమని ఎంత చెప్పినా ఆమె చెయ్యి వణకడం ఆగలేదు. దర్శనం చేసుకుని తిరిగి వెళ్ళే మనిషిని మా గుమ్మంలో అట్లా నిలబెట్టినందుకు ఇప్పటికీ నాకు బాధే.

ఆ సాయంత్రమే మాటలు రాసి కౌంటర్ వెనక అంటించాం. మీరూ రాసుకోండి, మీ మాటల్లోనే. మావి ఇవి:

‘అమ్మా, ఒక్క నిమిషం. మా పిల్లోళ్ళు బిల్లు కాడ ట్యాగు తీయడం మరిచిపోయినట్టుండారు. ఇట్లా ఇయ్యండి, తీసేసి ఇస్తాము.’

ఇందులో తప్పు మనది. ఎదుటి మనిషికి దొంగ అన్న ఊసే లేదు. నిజంగా బిల్లు కాని సరుకు ఉన్నవాళ్ళకు కూడా ‘అయ్యో, ఇది బిల్లు వేయించడం మరిచిపోయినాను’ అని చెప్పి డబ్బు కట్టే దారి దొరుకుతుంది. చాలామంది కట్టేస్తారు. మన సరుకు మనకు దక్కింది, చాలు.

తర్వాత చేయాల్సింది ఇట్లా ఉంటుంది. గేటు దగ్గర నిలబెట్టకుండా, కౌంటర్ పక్కకు మర్యాదగా పిలవండి. ఆడవాళ్ళతో ఆడమనిషే మాట్లాడాలి. సంచి మనం లాక్కోకూడదు, ఒంటి మీద చెయ్యి వేయకూడదు. మొదట బిల్లు చూడండి. బిల్లులో ఉన్న సరుకును ఒక్కొక్కటిగా గేటు దగ్గర ఊపి చూస్తే మోగేది ఏదో తెలుస్తుంది. ఏదీ మోగకపోతే సంచినే గేటు మీదుగా తీసుకెళ్ళమని వాళ్ళనే అడగండి. వేరే ఊరి స్టిక్కర్ దొరికితే, వాళ్ళు ఒప్పుకుంటే మీ పలక మీద పెట్టి చంపి పంపండి. తర్వాత వెళ్ళే అంగడిలోనైనా వాళ్ళకు ఆ అవమానం తప్పుతుంది.

నిజంగానే దొంగతనం అని తేలితే? కొట్టడం, మెడలో పలక వేసి ఫోటో తీయడం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, ఇవేవీ చేయకండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ కింద వస్తుంది. విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవాళ్ళు సరుకు తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ శిక్షగా వేస్తారు. యజమాని సరుకును పనివాళ్ళే దొంగిలిస్తే అది 306వ సెక్షన్, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. మనిషిని అక్రమంగా అడ్డగించడం, నిర్బంధించడం కూడా అదే సంహితలో 126, 127 సెక్షన్ల కింద నేరాలే. గదిలో గంటలకొద్దీ కూర్చోబెట్టి బెదిరిస్తే కేసు మన మీదికి తిరుగుతుంది. అరెస్టులు, కేసుల విధానం చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకోవాలంటే బెయిలు దొరకని తీవ్ర నేరం కళ్ళెదుట జరిగి ఉండాలి, పట్టుకున్నాక ఆలస్యం లేకుండా, ఆరు గంటల లోపలే పోలీసులకు అప్పగించాలి. గౌను విలువ నేరానికి అంత దూరం పోనక్కర్లేదు. 112కు ఫోన్ చేయండి, సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోకుండా వేరే డ్రైవ్‌లోకి తీసి పెట్టండి. కోర్టులో ఆ రికార్డింగ్ చెల్లాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, దాని నమూనా వకీలు ఇస్తారు.

ఆర్‌ఎఫ్‌ఐడీతో స్టాకు లెక్క

చాలామంది నన్ను అడిగేది: ‘అన్నా, ఈ చిప్పు పెడితే చీర ఏ ఊళ్ళో ఉందో ఫోన్‌లో కనిపిస్తుందా?’ కనిపించదు. అది జీపీఎస్ కాదు. చిప్పుకు బ్యాటరీ లేదు. రీడర్ పంపిన తరంగాల శక్తితోనే మేలుకుని, తన నంబరు చెప్పి, మళ్ళీ నిద్రపోతుంది. రీడర్‌కు కొన్ని మీటర్లు దూరమైతే అది ఉత్త కాగితమే.

దాని గొప్ప వేరే చోట ఉంది. బార్‌కోడ్ ఒక్కొక్కటి చూపిస్తేనే చదువుతుంది. చేతి రీడర్ అరల ముందు నుంచి మెల్లగా నడిపిస్తే సెకనుకు వందలకొద్దీ ట్యాగులను మడత విప్పకుండానే చదువుతుంది. అంగడి మూసి రెండు రోజులు చేసే స్టాకు లెక్క రోజూ ఒక గంటలో చేసుకోవచ్చు. ఏ పీసు తగ్గిందో ఆ రాత్రే తెలిస్తే, ఆ రోజు కెమెరా రికార్డింగ్ ఇంకా ఉండగానే చూడవచ్చు. నగల అంగళ్ళలో ట్రేలు లెక్కపెట్టడానికి వాడేదీ ఇదే. ప్రతి నగకూ చిన్న తోక చీటీ వేలాడదీసి, ట్రేను రీడర్ మీద పెడతారు.

మొదలుపెట్టేవాళ్ళకు చెప్పేవి కొన్ని. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆ నంబర్లు కలుస్తాయా అని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కలవకపోతే రెండు లెక్కలు రాయాల్సి వస్తుంది, నెలకు మించి ఎవరూ రాయరు. మామూలుగా చిప్పులో 96 బిట్ల నంబరు రాస్తారు; ఒకే నంబరు రెండు పీసులకు పడకుండా చూసే బాధ్యత ఎవరిదో తేల్చుకోండి. రీడర్ బలం ఎక్కువ పెడితే గోడ అవతలి గోడౌన్ సరుకును కూడా అంగడి సరుకుగా లెక్కేస్తుంది, తగ్గించి చూసుకోండి. ఒక్క అర పట్టుచీరలతో మొదలుపెట్టి నెలరోజులు చేతి లెక్కతో పోల్చండి. జరీ చీరలు దగ్గరదగ్గరగా కుక్కిన అరలో కొన్ని చదవకుండా వదిలేస్తుంది. రీడర్‌ను రెండో పక్క నుంచి కూడా తిప్పితే చాలావరకు దొరుకుతాయి.

రోజువారీ పని

పొద్దున షట్టర్ ఎత్తి, దీపం పెట్టి, అగరొత్తులు వెలిగించాక ఒక పరీక్ష ట్యాగు పట్టుకుని గేటులోంచి మూడుసార్లు నడవండి. మూడుసార్లూ మోగాలి. ఆ పరీక్ష ట్యాగును గల్లాపెట్టెలో, గేటుకు దూరంగా పెట్టండి. గేటు పక్కన ఒక నోటుపుస్తకం ఉంచండి. మోగిన ప్రతిసారీ వేళ, కారణం, కౌంటర్‌లో ఎవరున్నారో ఒక్క వరుసలో రాయాలి. పది రోజులు చూస్తే ఏ కౌంటర్‌లో ట్యాగులు మిగిలిపోతున్నాయో, ఏ వేళకు గేటు ఊరికే మోగుతోందో కనబడుతుంది. మా పుస్తకంలో సాయంత్రం ఆరున్నరకు రోజూ ఒక మోత ఉండేది. వెతికితే గుమ్మం పైన బోర్డు లైటు వేసే వేళ అది. డ్రైవర్ మార్చాక ఆగింది.

రాత్రి లెక్క ఇది. గట్టి ట్యాగులు తీసినవన్నీ కౌంటర్ కింద ఒక డబ్బాలో పడేట్టు పెట్టండి. షట్టర్ దించేముందు ఆ డబ్బాలోని ట్యాగులు లెక్కపెట్టి, ఆ రోజు బిల్లుల్లో ట్యాగు ఉన్న పీసులు ఎన్నో సరిచూడండి. బిల్లుల్లో 62, డబ్బాలో 62 ఉంటే సరి. డబ్బాలో 64 ఉంటే రెండు పీసులు బిల్లు లేకుండా పోయాయి. 60 ఉంటే ట్యాగుతోనే రెండు పీసులు బయటికి వెళ్ళాయి, గేటు పలకలేదు. రెండింటికీ వెతకాల్సిన చోటు వేరు. లెక్క అయ్యాక ట్యాగులనూ మేకులనూ వేరు చేసి, మేకులు చిన్నపిల్లలకు అందని సీసాలో మూత పెట్టి ఉంచండి. నేల మీద ఒక్కటి పడినా, పొద్దున చెప్పులు బయట విడిచి వచ్చేవాళ్ళ కాలికి గుచ్చుకుంటుంది. చీపురుతో కాదు, అయస్కాంతం ముక్కతో ఒకసారి కౌంటర్ కింద తుడిచి లైట్లు ఆపండి.